తాతయ్య పక్కన ఖాళీ చోటు

మా ఇంట్లో పోయినవాళ్ళను కాల్చరు. పడుకోబెట్టరు కూడా. గొయ్యి తీసి, పద్మాసనం వేయించి, ఎడమ చేతిలో లింగం ఉంచి, విభూతి పోసి పూడుస్తారు. వీరశైవుల ఇళ్ళలో ఇది మామూలే. బతికుండగా మోకాళ్ళ నొప్పులతో పీట మీద కూడా కూర్చోలేని మా తాతయ్య, పోయాక ఏ ఇబ్బందీ లేకుండా పద్మాసనం వేశాడు.

పెనుమూడి దగ్గర మా మెట్టచేను చివర ఒక పాత ఇటుకల సమాధి ఉంది. అది తాతయ్యవాళ్ళ తాతది. దాని పక్కన మట్టిదిబ్బ తాతయ్యది. దిబ్బకు అవతల నాలుగడుగుల నేల ఖాళీగా ఉండేది. అది నాయనమ్మది. తాతయ్య రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే బస్సులో కండక్టరుగా చేశాడు కాబట్టి పెళ్ళానికి ముందే సీటు ఆపి ఉంచాడని నేనంటే ఆవిడ మురిసిపోయేది. ప్రతి సోమవారం వెళ్ళి ఆ నాలుగడుగుల్లో గడ్డి పీకి వచ్చేది.

దాన్ని చెడగొట్టింది నేనే.

నేను తెనాలిలో ఫ్లెక్సీలు వేసే షాపులో పనిచేస్తాను. రెండేళ్ళ కిందట ఒక సెలవు రోజున చేనుకు వెళ్తే, బాపట్ల నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారొకరు నోటుపుస్తకం పట్టుకుని ఆ ఇటుకలు కొలుస్తున్నారు. పాత సమాధుల చరిత్ర రాస్తున్నారట.

"ఇది ఎన్నాళ్ళ కిందటిది బాబూ?"

"నాలుగొందల ఏళ్ళు ఉంటుందండి. లోపలాయన ఇంకా కళ్ళు తెరవలేదంట."

నవ్వుతారనుకున్నాను. రాసుకున్నారు.

ఆర్నెల్లకు సమాధి మీద కాషాయం గుడ్డ కనిపించింది. తర్వాత సున్నం, ఆ తర్వాత కొబ్బరిచిప్పలు. నాలుగొందల ఏళ్ళ కిందటి యోగి సమాధి అని ఎవరెవరో కార్లలో వచ్చేవారు. తాతయ్య దగ్గర టిక్కెట్టు కొన్నవాళ్ళు, ఆయన్ని భుజం మీద మోసినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. పక్క చేను బాబాయి అక్కడే టీ బండి పెట్టాడు.

"నువ్వన్నా నిజం చెప్పొచ్చుగా బాబాయ్."

"మనకెందుకురా," అని నా చేతిలో టీ గ్లాసు పెట్టాడు. టీ బాగుంది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

కార్తీకంలో, ఏటి అవతలి ఊరి నుంచి ఒక గుంపు వాదానికి దిగింది. ఆ యోగి అసలు సమాధి తమ ఊళ్ళో ఉందని, ఇది దొంగదని వాళ్ళ మాట. చేను దగ్గరే పంచాయితీ పెట్టారు. ఆ రోజు అల్పపీడనం పట్టి ఆకాశం పొద్దున్నుంచే మూసుకుపోయి ఉంది. గాలి లేదు. నాయనమ్మను బండి మీద తీసుకెళ్ళాను. చేను చుట్టూ మేకులు పాతి తాడు కట్టారు. తాడు లోపల తాతయ్య కూడా ఉన్నాడు.

మాస్టారు లేచి నోటుపుస్తకం తెరిచారు. "స్థానికులు తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది. లోపలున్న మహనీయుడు ఇంకా కళ్ళు తెరవలేదని."

ఆ తరతరాలూ నేనే.

"మాస్టారూ, అది నేను సరదాకి అన్నానండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "కొన్ని మాటలు మనం అనం బాబూ. మన చేత అనిపిస్తారు."

వెనక ఒకావిడ నాకు దండం పెట్టింది.

నాయనమ్మ తాడు దాకా వెళ్ళింది. "అయ్యా, అది మా మావగారి తండ్రిదండి. ఈ దిబ్బ మా ఆయనది. బస్సులో కండక్టరండి."

"పక్కనున్నది శిష్యుడిదమ్మా," అన్నారు మాస్టారు ఎంతో మర్యాదగా.

అలా మా తాతయ్య నాలుగొందల ఏళ్ళ కిందటి యోగికి శిష్యుడయ్యాడు. మాట పడటం ఇష్టంలేక రోజూ బస్సుకు అరగంట ముందే డ్యూటీకి వెళ్ళే మనిషి, ఈసారి మరీ ముందే వెళ్ళిపోయాడు.

అవతలి ఊరి పెద్దమనిషి లేచాడు. "ఈ మాటలన్నీ ఎందుకండీ? తవ్వి చూద్దాం. కూర్చుని ఉంటే యోగి, పడుకుని ఉంటే మామూలు మనిషి. ఇటుకలు పగలగొట్టడం దేనికి, శిష్యుడి దిబ్బ మట్టేగా, ముందు అది తవ్వండి."

రెండు పక్షాలూ సరేనన్నాయి. వాళ్ళు ఒప్పుకున్న మొదటి మాట అదే. ఒకతను చొక్కా విప్పి పార అందుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది. తవ్వితే తాతయ్య కూర్చునే ఉంటాడు. చేతిలో లింగం కూడా ఉంటుంది. నా అబద్ధానికి ఇంతకన్నా గట్టి సాక్షి దొరకడు. ఆ నవ్వుతోనే నాయనమ్మ వైపు తిరిగాను. ఆవిడ నాకన్నా ముందే అక్కడిదాకా ఆలోచించినట్టుంది. తాడు కిందనుంచి దూరి దిబ్బ పక్కన నిలబడింది.

"తవ్వమాకండి. యోగే."

"ఇందాక మీ ఆయనదన్నారుగా?" అన్నాడు అవతలి పెద్దమనిషి.

"ముసలిదాన్ని, మతితప్పి అన్నాను. మా మావగారు చెప్తుండేవారండి, లోపలున్నది పెద్దాయనేనని. ఈయన శిష్యుడే. కూర్చునే ఉంటాడు. కదపమాకండి, మీకు పుణ్యం ఉంటుంది."

ఎదురు చెప్పిన మనిషే ఒప్పుకున్నాక ఇక వాదం ఏముంది? అవతలివాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. ఇవతలివాళ్ళు జేజేలు కొట్టారు. పార పట్టుకున్నతను చొక్కా తొడుక్కున్నాడు. మాస్టారు కళ్ళు తుడుచుకుని అదీ రాసుకున్నారు. రాసుకుని, నాయనమ్మతో నెమ్మదిగా అన్నారు.

"కాస్త ఇటు జరగండమ్మా. చెప్పులతో అక్కడ నిలబడకూడదు. మండపానికి మొదటి స్తంభం అక్కడే."

ఆవిడ నిలబడింది తన నాలుగడుగుల్లో. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఇవతలికి వచ్చింది.

ఇంటికి వెళ్తుంటే దారిలో చినుకులు మొదలయ్యాయి. వెనక నుంచి నాయనమ్మ అంది: "కండక్టరు పెళ్ళాన్నయ్యుండి నుంచునే పోయేట్టున్నాన్రా."

మా ఇంట్లో అప్పటిదాకా జోకులు వేసేది నేనే.

మళ్ళీ సోమవారం తీసుకెళ్ళమంది. గడ్డి పీకడానికి అక్కడ గడ్డి లేదు, సిమెంటు పోశారు. ఆ సంగతి చెప్పాను. అయినా పదమంది. తాతయ్యను చూడటానికి లైన్లో నిలబడ్డాం. ముందున్నావిడ వెనక్కి తిరిగి, నాయనమ్మ వయసు చూసి జాలిపడింది.

"ఎంత దూరం నుంచి వచ్చారు మామ్మగారూ?"

"దగ్గర్నుంచేనమ్మా," అంది నాయనమ్మ.