పాఠానికి పెళ్లి వీడియో

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సర్లెండి, నవ్వండి. మా పటమటలో అందరూ నవ్వేశారు, ఇంక మీరు మాత్రం ఎందుకు ఆగాలి! నా పీజీ ప్రాక్టికల్‌ని సన్నాయి మేళంతో సహా సముద్రాలు దాటించేశానండీ. అవును, సన్నాయి మేళమే. డోలు కూడా ఉంది.

టీ తాగుతూ వినండి. నేను కంకిపాడులో ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతానని మీకు తెలుసుగా. రెండేళ్ల కిందట ఎవరి మాటా వినకుండా ఒక ఫారిన్ యూనివర్సిటీలో ఆన్‌లైన్ పీజీలో చేరాను. భాషలు ఎలా నేర్పాలో నేర్పే చదువు. పాఠాలు నెట్‌లో, అసైన్‌మెంట్లు మెయిల్లో. ఇంట్లో కనెక్షన్ లేదు కాబట్టి మా వీధి చివర నెట్ సెంటరే నా యూనివర్సిటీ. పక్క క్యాబిన్లో కుర్రాళ్లు గేమ్ ఆడుతూ "కాల్చెయ్‌రా, కాల్చెయ్" అని అరుస్తుంటే, నేను "తరగతి గదిలో ప్రశాంత వాతావరణం" మీద ఎస్సే టైపు చేసేదాన్ని. ఆ పీజీ చేతికొస్తే ఇక్కడే విజయవాడలో ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీలో తీసుకుంటామన్నారు. రోజూ బస్సులో వేలాడటం తప్పుతుంది, అంతకంటే ముఖ్యం, ఈ వయసులో చదువేంటని నవ్విన చుట్టాల నోళ్లు మూతపడతాయి. అదీ నా ఆశ.

అన్నీ బాగానే రాశాను. చివర్లో ఒక్క ప్రాక్టికల్ మిగిలింది. మన క్లాసులో ఒక పాఠం మొత్తం వీడియో తీసి పంపాలి. మా ట్యూటరమ్మ మెయిల్లో స్పష్టంగానే రాసింది, మీరు ఎక్కువ మాట్లాడొద్దు, పిల్లల చేత మాట్లాడించండి, వాళ్ల మాటలే నాకు కావాలి అని.

వీడియో అనగానే నాకు గుర్తొచ్చింది ఎవరు? మా శ్రీను! మా ఆడపడుచు పెళ్లి తీసింది అతనే, మా తోటికోడలి సీమంతం తీసింది అతనే. పటమట మెయిన్‌రోడ్డు మీద స్టూడియో. వెళ్లి చెప్పాను.

"క్లాసా మేడం? ఫంక్షన్ కాదా?"

"ఫంక్షన్ అనుకో. ఫారిన్ వాళ్లు చూస్తారు శ్రీనూ, పరువు పోకూడదు. మా ఆడపడుచు పెళ్లి క్యాసెట్ ఎంత బాగా వచ్చింది! అలా రావాలి."

ఈ మాట నా నోటితో నేనే అన్నాను. గుర్తు పెట్టుకోండి. తర్వాత అతన్ని తిట్టడానికి నాకు అడ్డమొచ్చింది ఇదే.

ఆ రోజు నేను గద్వాల్ చీర కట్టుకుని వెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్లలు తలలకి నూనె రాసుకుని, పౌడర్లు కొట్టుకుని, పెళ్లికొచ్చిన వాళ్లలా కూర్చున్నారు. శ్రీను పెద్ద లైటు వేశాడు. అసలే ఏప్రిల్ ఎండ, ఆ లైటు వేడికి పౌడర్లన్నీ కారిపోయాయి. నేను బోర్డు మీద రాయబోతే "మేడం, చాక్‌పీస్ అలాగే పట్టుకుని ఇటు తిరిగి చిన్న స్మైల్" అన్నాడు. ఇచ్చాను, ఏం చేస్తాను!

పాఠం ఏంటంటే, ఊరికి కొత్తవాడు బస్సు దిగి పోస్టాఫీసుకి దారి అడుగుతాడు, పిల్లలు ఇంగ్లీషులో చెప్పాలి. కొత్తవాడి వేషం ఒక పిల్లాడికిచ్చి చేతికి సంచి తగిలించాను. ముందు బెంచీ వాళ్లు "గో స్ట్రెయిట్, టర్న్ లెఫ్ట్" అని అప్పజెప్పేశారు. బాగానే ఉంది గానీ, అందులో మాట్లాడటం ఎక్కడుంది? ఎక్కం చదివినట్టుంది.

అప్పుడు, ఏమనిపించిందో ఏమో, వెనక బెంచీలో రమీజాని లేపాను. ఈ రమీజా మా స్కూలు ఎదురుగా జాకెట్లు కుట్టే ఆవిడ కూతురు. సంవత్సరమంతా నా క్లాసులో ఆ పిల్ల "ప్రెజెంట్ మేడం" తప్ప ఇంకో ముక్క పలకలేదు. లేచింది. "గో స్ట్రెయిట్" అంది. ఆగింది. కొత్తవాడి మొహం చూసింది, వాడి చేతిలో సంచి చూసింది. ఉన్నట్టుండి "నో, నో. సన్ ఈజ్ హాట్. యూ విల్ గెట్ లాస్ట్. కమ్, ఐ విల్ టేక్ యూ" అని బెంచీ దాటొచ్చి, సంచి అందుకుని నడిచింది!

క్లాసంతా చప్పట్లు. నాకు కళ్లనిండా నీళ్లు. ఎవరూ రాసివ్వని వాక్యమండీ అది, ఆ పిల్ల సొంతం. రెండేళ్ల కోర్సు దేని గురించి చెబుతోందో నాకు అప్పుడు అర్థమైంది. క్లాసయ్యాక రమీజా నా దగ్గరికొచ్చి, "మేడం, నేను మాట్లాడింది అందులో వస్తుందా? మా అమ్మకి చూపిస్తా" అంది. ఎందుకు రాదు, నీకో సీడీ కూడా ఇప్పిస్తా అన్నాను.

శ్రీను మిక్సింగ్ అని తిప్పి తిప్పి, గడువు ఆఖరి రోజు సాయంత్రం మూడు సీడీలు చేతిలో పెట్టాడు. అంత పెద్ద వీడియో నెట్ సెంటర్ నుంచి ఎక్కదు, కొరియర్ చెయ్యాల్సిందే. ఆఫీసు మూసేస్తారని పరిగెత్తి, ఒక సీడీ పంపేశాను. చూసుకోలేదు. ఒక్కసారి, ఒక్క నిమిషం వేసి చూసుకుని ఉంటే! చూసుకోలేదు సరికదా, నెట్ సెంటర్‌కి వెళ్లి ట్యూటరమ్మకి మెయిల్ కూడా కొట్టాను, "చివర్లో ఒక అమ్మాయి మాట్లాడుతుంది, దయచేసి చాలా జాగ్రత్తగా వినండి" అని. రెండో సీడీ మర్నాడు స్కూల్లో రమీజాకిచ్చాను. మూడోది ఇంట్లో పెట్టాను.

ఆ మర్నాడు సెకండ్ పీరియడ్‌లో రమీజా నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడం, నేను మాట్లాడేటప్పుడు పాట వస్తోంది."

"పాటేంటే?"

"సినిమా పాట మేడం. మా అమ్మ నమ్మట్లేదు. నువ్వెక్కడ మాట్లాడావే, ఊరికే నోరు కదుపుతున్నావు అంటోంది."

సాయంత్రం ఇంటికెళ్లి సీడీ వేశాను. ముందుగా గులాబీ రేకులు రాలుతూ నా పేరు. తర్వాత నేను, యాపిల్ కాయ బొమ్మ మధ్యలో. ఆ తర్వాత మంచు కొండల మీద మా స్కూలు బోర్డు. నేను నోరు తెరుస్తాను, సన్నాయి వస్తుంది. పిల్లలు నోరు తెరుస్తారు, వేణువు వస్తుంది. ముందు బెంచీ పిల్లాడు లెఫ్ట్‌కి తిరగమని చెయ్యి చూపించగానే గట్టిమేళం! ఇక రమీజా... స్లో మోషన్లో, గుండె ఆకారం మధ్యలో, చుట్టూ పూలు, వెనక వేణువు మీద సినిమా పాట. పెదవులు కదులుతున్నాయి, కళ్లు మెరుస్తున్నాయి. ఒక్క మాట వినపడదు. భాష నేర్పే పాఠంలో భాష తప్ప అన్నీ ఉన్నాయి.

మా ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో డ్యూటీ దిగి అప్పుడే వచ్చారు. కాసేపు నిలబడి చూసి, "తాళి ఎప్పుడు కడతారు?" అన్నారు. ఆ పూట ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

స్టూడియో మీద పడ్డాను. "మాటలేవి శ్రీనూ?"

"మాటలెవరుంచుతారు మేడం? పెళ్లి వీడియోలో మాటలుంచితే కొంపలంటుకుంటాయి! భోజనాల దగ్గర మగపెళ్లివారిని అన్నవన్నీ పడుంటాయి. మేం ఫస్ట్ చేసేది సౌండ్ తీసేసి పాట వెయ్యడమే. అయినా మీరేగా పెళ్లిలా రావాలన్నారు!"

"పోనీ అసలు టేపు?"

తల గోక్కున్నాడు. దాని మీద ఉయ్యూరులో ఎవరిదో ఓణీల ఫంక్షన్ తీసేశాడట. రమీజా ఇంగ్లీషు మీద ఎవరో పరాయి పిల్ల పట్టు పరికిణీ వేసుకుని కూర్చుంది. అతన్నేమనాలి? పెళ్లిలా రమ్మన్నది నేనేగా, వచ్చేశాను.

ఆ తర్వాత రమీజా వాళ్లమ్మ దగ్గరికెళ్లాను. మీ అమ్మాయి నిజంగానే మాట్లాడిందమ్మా, తప్పంతా నాదే అని, ఆ పిల్ల ఏమందో తెలుగులో చెప్పాను. ఆవిడ మిషన్ తొక్కడం ఆపేసింది. "ఎండగా ఉంది, నేను తీసుకెళ్తానందా? కొత్త మనిషితో?" అని కూతురి వంక చూసింది. "ఇంట్లో మంచినీళ్లు తెమ్మంటే లెయ్యదండీ!" అంది గానీ, కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ పిల్ల గొంతులో వినాల్సింది నా గొంతులో వింది ఆవిడ.

ట్యూటరమ్మ జవాబు వచ్చింది. "మీరు చెప్పినట్టే చాలా జాగ్రత్తగా విన్నాను. వేణువు ఎంతో బాగుంది. ఆ అమ్మాయి ఏం చెప్పిందో తెలుసుకోవాలని ఉంది" అని రాసి, ఇంకో అవకాశమిచ్చింది. మంచి మనిషి.

సెలవులివ్వకముందే మళ్లీ తీశాం. ఈసారి పాటలు లేవు, గద్వాల్ చీర లేదు. రమీజాని లేపాను. "ఆ రోజు అన్నావే, అలాగే అనమ్మా" అన్నాను. అలాగే అంది. చేతులు కట్టుకుని, పైకప్పు చూస్తూ, "సన్-ఈజ్-హాట్-యూ-విల్-గెట్-లాస్ట్" అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పి కూర్చుంది. సంచి అందుకోవడం మర్చిపోయింది. ఆ కొత్తవాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, పాపం.

ఈసారి సౌండ్ బ్రహ్మాండంగా వినపడింది. అందుకే ఫెయిలయ్యాను. "పిల్లలు బట్టీపట్టినట్టున్నారు" అని రిమార్కు. వచ్చే ఏడాది మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ తియ్యాలి. ట్రైనింగ్ కాలేజీ వాళ్లు ఆగలేదు, వేరే ఆవిడని తీసుకున్నారు. వాళ్ల మీద కోపం లేదు గానీ, వెనక బెంచీ వైపు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఆ పెళ్లి సీడీ పారేద్దామంటే మా అత్తగారు పారెయ్యనివ్వరు. ఇంటికి ఎవరొచ్చినా వేసి కూర్చోబెడతారు. నేను యాపిల్ కాయలోంచి నోరు కదుపుతుంటే, "ఏం చెబుతుందో ఒక్క ముక్క వినపడదు గానీ, మా కోడలు ఎంత బాగా చెబుతుందో చూడండి!" అని మురిసిపోతారు. ఇన్నేళ్ల సర్వీసులో నా టీచింగ్‌కి వచ్చిన మంచి రిమార్కు అదొక్కటే.