ఎదురు రావడానికే చిత్తూరు వెళ్లాను

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి గూడూరులో తిరుపతి ప్యాసింజరు ఎక్కాను. మర్నాడు చిత్తూరులో మా చెల్లెలు సుగుణ కూతురు హేమకు ల్యాబు ఉద్యోగం ఇంటర్వ్యూ. అది బయలుదేరేటప్పుడు నేను ఎదురు రావాలి. అందుకే ఈ ప్రయాణం.

మా ఆయన పోయి పదకొండేళ్లయింది. అప్పట్నుంచి ఎవరు శుభమా అని బయలుదేరినా పక్కకు తప్పుకుంటున్నాను. రెండేళ్ల కిందట హేమ పరీక్షకు వెళ్తుంటే బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాను. నన్నెవరూ దాక్కోమనలేదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను ఒక చిన్న ఆసుపత్రిలో ఓపీ చీట్లు రాస్తాను. పొద్దున్నే రోగులు మొదట చూసేది నన్నే. నా మొహంలో కీడుంటే అక్కడ తెలియాలి కదా అని, ఎవరికేమైందో ఆరు నెలలు నోటుబుక్కులో రాసుకున్నాను. బాగైనవాళ్లున్నారు, కానివాళ్లున్నారు. పోయినవాళ్ల పేర్లు కూడా ఒక్కటీ వదల్లేదు. నేను సెలవు పెట్టిన రోజుల్లోనూ లెక్క అంతే.

ఎదుటి సీటులో ఉన్న ముసలామెకు ఇదంతా చెప్పాను. వెంకటగిరిలో దిగబోతూ ఆమె మెల్లగా అంది: "నేనూ మొగుడు లేనిదాన్నేమ్మా. ముప్పై ఏండ్లుగా ఎవరికీ ఎదురుపడకుండా సందులోంచే పోతుండా."

మూడింటికి తిరుపతి. స్టేషను నుంచి బస్టాండుకు నడిచిపోవచ్చు. అక్కడ పెరుగన్నం తిని చిత్తూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులక్కర్లేదు. కుడివైపు కూర్చుంటే చంద్రగిరి కోట కనిపిస్తుంది. ఆరు లోపే చెల్లెలింట్లో ఉన్నాను.

పొద్దున తొమ్మిదికి హేమ ఫైలు పట్టుకుని గడప దాటింది. ముందే వీధిలోకి వెళ్లిన నేను గేటు తీసుకుని ఎదురు నడిచాను. సుగుణ మొహం పాలిపోయింది.

"అక్కా, ఈ ఒక్క దినం పక్కకు పోకూడదా?"

"పోను. ఉద్యోగం రాకపోతే నా మొహాన్ని అనొద్దు, వస్తే నా మొహానికి మొక్కొద్దు."

హేమ నా చెయ్యి గట్టిగా నొక్కి ఆటో ఎక్కింది.

పదకొండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. తిరుపతి స్టేషనులో రైలు కోసం కూర్చుని ఉండగా హేమ ఫోను చేసింది. వేరే అమ్మాయిని తీసుకున్నారట. నావల్లే అనబోయి నోరు మూసుకున్నాను. వాళ్లేమన్నారని అడిగాను. రెండేళ్ల అనుభవం కావాలన్నారట.

"నన్ను చూసినాక నీ అనుభవం తగ్గిందా?" అన్నాను. అది నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. భయం మొత్తంగా పోయిందని ఈ దారిన వెళ్లేవాళ్లెవరికీ అబద్ధం చెప్పను. దానికి దారి ఇవ్వడం మాత్రం మానేశాను.

"వచ్చే వారం వేలూరులో ఇంకోటి ఉండాది పెద్దమ్మా. వస్తావా?"

వెనక సుగుణ ఏదో గొణుగుతోంది. ఫోను స్పీకరులో పెట్టమన్నాను.

"ముందు రోజే వస్తా" అన్నాను, చెల్లెలికి వినపడేటట్టు.