గోడెక్కిన అచ్చులు

కుడి భుజం పట్టేసిన ఏడాది నేను జడ వేసుకోలేకపోయాను, పై అరలోంచి పప్పు డబ్బా తీయలేకపోయాను. వాటికి కోడలుంది. నా బెంగంతా సద్దుల బతుకమ్మ గురించే. నాచారంలో మా ఇంటి బతుకమ్మను చెరువు దాకా తల మీద మోసేది కాపురానికొచ్చినప్పటి నుంచీ నేనే.

"ఈసారి నేను మోస్తలే అత్తమ్మా," అంది కోడలు.

"నువ్వు ఫోన్ సూసుకుంట నడుస్తవ్. గౌరమ్మ రోడ్డు మీదనే దిగిపోతది."

ఉప్పల్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పోయాం. కాకినాడ వైపు పిల్ల. ముందు వేడినీళ్ల సంచితో కాపడం పెట్టమంది. తర్వాత ముందుకు వంగి చేతిని వదులుగా ఊపమంది. ఆపైన గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను సాలీడులా పైకి నడిపించాలట.

"ఎందాకా వెళ్లిందో రోజూ గోడ మీద గీత పెట్టుకోండమ్మా. నొప్పి గట్టిగా వస్తే అక్కడే ఆగిపోవాలి."

అప్పుడే నేను సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంటున్నాను. ఇక ఉత్త గీతలెందుకు? హాల్లో గోడకు నడుము ఎత్తున సుద్దతో 'అ' రాశాను, దాని పైన 'ఆ'. పైవన్నీ ఎడమ చేత్తో రాశాను కాబట్టి తాగినట్టు తూలుతూ నిలబడ్డాయి. 'అః' నెత్తికన్నా పైన.

"రంగేసి ఏడాది గూడ కాలే!" అంది కోడలు.

"ఏం జేస్తం, నా సదువు గట్ల పైకి పోతున్నది."

మొదట్లో వేళ్లు 'ఈ' దగ్గరే మొరాయించాయి. తర్వాత ఏమైందో, ఒకరోజు 'ఒ' తాకాయి, ఇంకో వారానికి 'ఔ'! కూరగాయల బండి ఆమెకు కూడా చెప్పి వచ్చాను, ఈసారి బతుకమ్మకు ఇంకో రెండు వరుసలు పేరుస్తానని.

మళ్లీ ఉప్పల్ పోయినప్పుడు ఫిజియో అమ్మాయి అక్కడి గోడ ముందు నిలబెట్టి చేయించింది. "అమ్మా, మడమలు!"

చూస్తే మునివేళ్ల మీద ఉన్నాను. భుజం చెవి దాకా లేచింది.

"పైకి వెళ్తున్నది చెయ్యి కాదండీ, మీరే." మడమలు ఆనించగానే వేళ్లు జర్రున జారాయి. మా ఇంటి లెక్కలో అది 'ఎ'.

కోడలు కుర్చీలో కూలబడి నవ్వింది. "సూడుమ్మా, మా అత్తమ్మ పరీక్షల కాపీ కొట్టింది!"

నాకూ నవ్వాగలేదు. నవ్వితే భుజం కదిలి నొప్పి, నొప్పికి మళ్లీ నవ్వు.

ఆ రోజు నుంచి కోడలు కింద కూర్చుని నా మడమలు రెండూ పట్టుకునేది. ఎదురింటామె తలుపులోంచి తొంగి చూసింది. "అబ్బ, దినాం కాళ్లు మొక్కే కోడలు! మాకు గిట్ల దొరకకపాయె."

పండగ నాటికి నిజాయితీగా 'ఓ' దాకా వెళ్లాను. చిన్న బతుకమ్మే మోయాలనీ, ఎత్తే పని వేరేవాళ్లదనీ, కుడి చేయి ఊరికే ఆనించాలనీ ఒప్పందం మీద ఫిజియో అమ్మాయి సరేనంది. కోడలు బతుకమ్మ తాంబాళాన్ని నా తల మీద పెట్టింది. ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. కుడి చేతి వేళ్లు పాకుతూ పాకుతూ వెళ్లి తాంబాళం అంచును తాకాయి.

తంగేడు పూలు ముక్కు మీద రాలుతుంటే గల్లీలో అందరికన్నా ముందు నడిచాను. వెనక నుంచి వీధంతా వినపడేలా కోడలి కేక:

"అత్తమ్మా, మడిమలు!"