చచ్చిన పాత్ర, బతికున్న పేరు

మా చిన్నప్పుడు... గోపన్‌పల్లి పొలాల్లో గుడారం సినిమా ఆడేది. తెర మీద ఓడదొంగలు దొరల భాషలో కొట్టుకుంటుంటే, తెర పక్కన పీటేసుకుని మైకులో తెలుగు చెప్పేవాడు మా పెద్దబాపు మల్లయ్య. కెప్టెనూ ఆయనే, కెప్టెన్ని పొడిచేవాడూ ఆయనే, ఒడ్డున ఏడ్చే దొరసానీ ఆయనే...

ఆ దొరసాని ఏడుపు అచ్చం మా పెద్దమ్మ ఏడుపు. అది కనిపెట్టిన రోజు ఆమె ఆయనకు అన్నం పెట్టలేదు. సరే, అది వేరే కథ.

ఆయనకొక పట్టింపు ఉండేది. తెర మీద ఎవరు చచ్చినా, ఆఖరి మూలుగు అయ్యాక మైకులోనే తన పేరూ ఊరూ చెప్పేవాడు. "గోపన్‌పల్లి మల్లయ్యను. బతికే ఉన్న." జనం నవ్వేవారు. సినిమా సాగేది.

ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"సచ్చినోనికి ఇచ్చిన గొంతు ఆడనే ఉండిపోతది బిడ్డా. మనమే పిల్సుకోవాలె. ఇంకోడు పిలిస్తె వానెంట వోతది."

అప్పుడు నేనూ నవ్వాను.

నా చదువు అయిదో తరగతితో సరి. సినిమా పోస్టర్లూ, బెల్లం పొట్లాల కాగితాలూ చదివి భాష పట్టాను. ఆ భాషతోనే ఏళ్ల తరబడి మాదాపూర్ అద్దాల మేడలో, జపాన్ వాళ్ల సముద్రపు దొంగల కథకు తెలుగు చెబుతూ వచ్చాను. ముసలి కెప్టెన్ గొంతు నాది. కార్టూన్ అంటే పిల్లలు కోప్పడతారు, యానిమే అనాలట. ఏదన్నా గానీ, దానికి అంతు లేదు. జపాన్‌లో మొదట్లో చెప్పినవాళ్లలో కొందరు పోయారట... బొమ్మలకు మాత్రం వయసు రాదు. గొంతులు మారుతుంటాయి, అంతే.

అందుకేనేమో, కిందటేడు నా వెనకాల ఇంకో మనిషిని పెట్టారు. నర్సింలు. నలభై ఏళ్లుంటాయి. జీడిమెట్లలో మందుల కంపెనీ పని వదిలేసి వచ్చిన మిమిక్రీ మనిషి. నేను చెప్పే గదికి గాజు గోడ అవతల, చిన్న గదిలో అతనికీ ఒక మైకు ఇచ్చి కూర్చోబెట్టారు. మాట్లాడేవాడు కాదు. నా పెదవులు కదిలినప్పుడల్లా అతని పెదవులూ కదిలేవి.

"జర భయమైతది తమ్మీ, నోరు మూసుకొని కూసో" అన్నాను ఒకరోజు, నవ్వుతూనే.

"మీరు దమ్ము ఏడ తీస్కుంటున్నరో చూస్తున్న కాకా" అన్నాడు. అతను నవ్వలేదు.

కిందటి నెల కెప్టెన్ తమ్ముడు చచ్చే ఘట్టం వచ్చింది. ఆ గొంతూ నాదే. నీళ్లలో మునిగి చావాలి. చచ్చాను. పెద్దబాపు పద్ధతి నేనెన్నడూ తప్పలేదు, ఏ పాత్ర చచ్చినా "గోపన్‌పల్లి యాదగిరిని" అని నా పేరు చెప్పుకునేవాణ్ణి. డబ్బింగ్ డైరెక్టర్ శిరీష కూడా అలవాటుపడి, తర్వాత ఆ ముక్క కోసేసేది. ఆ రోజు పేరు చెప్పబోతే దగ్గు అడ్డొచ్చింది. వంగిపోయి దగ్గుతున్నాను...

హెడ్‌ఫోన్లో నా గొంతు వినిపించింది.

"గోపన్‌పల్లి యాదగిరిని. బతికే ఉన్న."

తలెత్తాను. గాజు అవతల నర్సింలు మైకు దగ్గర నుంచి వెనక్కి జరుగుతున్నాడు. సాయం చేశాననే అనుకున్నాడు పాపం.

"బాగుందండి సార్. తర్వాతి సీన్‌కి వెళ్దామండి" అంది శిరీష, కాగితంలోంచి తలెత్తకుండా.

"పేరు చెప్పింది నేను కాదమ్మా."

"అవునా అండీ... నాకు తేడా తెలియలేదండి."

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. "దగ్గు తగ్గేదాకా రెస్ట్ తీసుకోండి సార్. ఈ వారం నర్సింలు గారు చెబుతారండి."

ఆ వారం అయి మూడు వారాలయింది.

నిన్న మధ్యాహ్నం మెడకు మఫ్లర్ చుట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. కెప్టెన్ మాట్లాడుతున్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. యాభై ఏళ్లుగా నా గొంతు వింటున్న మనిషి.

"ఏమయ్యా, ఎప్పుడు జెప్పినవ్ గిది? దగ్గు లేకుండ మంచిగ జెప్పినవ్."

అది నేను కాదని చెబుదామని నోరు తెరిచాను... గాలి తప్ప గొంతు రాలేదు.

ఆ రోజుల్లో గొంతు వినబడిందంటే, పక్కనే పీట మీద మనిషి ఉండేవాడు. ఇప్పుడు మనిషి ఇంట్లో ఉంటాడు, గొంతు ఊరంతా తిరుగుతుంది...

చూడకుండానే ఫలానావారని మీరు పోల్చుకోగలిగిన గొంతు, మీ ఇంట్లో ఎవరిది? కింద రాయండి. దవాఖానలో నన్ను మాట్లాడొద్దన్నారు. చదువుతూ కూర్చుంటాను.