పన్నెండూ ఎనిమిది హాలు

చిన్న మేస్త్రీ మాట పడేవాడు కాదు, ఒక మాట అనకుండా ఊరుకునేవాడూ కాదు. నాన్న పోయాక చేయి పట్టుకుని టైల్స్ పని నేర్పింది అన్నయ్యే. ఆయన పెద్ద మేస్త్రీ, ఇతను చిన్న మేస్త్రీ. యాభై దాటి మోకాళ్లు అరిగిపోయినా ఇంకా చిన్న మేస్త్రీయే.

అప్పట్లో హాల్లో ఈ మూల నుంచి ఎదుటి మూలకి నల్లపట్టీ వేయించుకోవడం అందరికీ మోజు. సుద్ద పూసిన దారం లాగి కొడితే గీత పడుతుంది. ఆ గీత ఎన్ని టైల్స్ మీదుగా పోతే అన్నీ కోతకి పక్కన పెట్టాలి. ఎన్ని పడతాయో ముందే చెప్పడానికి అన్నయ్యకో సూత్రం ఉండేది: "నిలువూ అడ్డం కలిపి ఒకటి తీసెయ్." నిలువు ఏడు టైల్స్, అడ్డం ఐదు పట్టే గదికి పదకొండు. తొమ్మిదీ ఎనిమిదికి పదహారు. ముప్పై ఏళ్లలో తప్పిందన్నవాడు లేడు; ఒకటీ అరా మిగిలితే ఎవరు లెక్కపెడతారు? చదరపు గదులు మాత్రం ఆ మాట వినేవి కావు. "అవి వేరే జాతిరా" అని తోసేసేవాడు.

అలా ఉండగా పన్నెండూ ఎనిమిది హాలు వచ్చింది. పంతొమ్మిది పక్కన పెట్టారు, పట్టింది పదహారే. చిన్న మేస్త్రీ నోరు ఊరుకుంటేనా? ఇంటాయన ముందూ కూలీల ముందూ "నీ లెక్క తప్పు అన్నయ్యా" అనేశాడు.

"నువ్వు దారం వంకరగా పట్టుకున్నావు."

"దారం కాదు, నీ బుర్రే వంకర."

చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనిషిని అనాల్సిన మాటేనా అది? కూలీలు నవ్వారు. పెద్ద మేస్త్రీ తాపీ కడుక్కుని, సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. పదకొండేళ్లు మాటల్లేవు.

గెలిచినవాడికి సుఖం ఉందా అంటే అదీ లేదు. ఎందుకు పదహారో తనకీ తెలియదు. ఆఖరికి మొన్నామధ్య సొంత వంటింట్లో నేల తుడుస్తుంటే తట్టింది. తట్టాక కూడా, అన్నయ్య తలుపు తీస్తాడో లేదోనని ఇవాళా రేపూ అంటూ నాన్చాడు. ఈలోగా అన్నయ్యే పోయాడు.

అన్నయ్య ఇంటికి వెళితే వదిన ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. పన్నెండు గళ్లు, ఎనిమిది గళ్లు, మధ్యన అడ్డంగా గీత.

"రోజూ ఇదే గీసుకునేవారయ్యా. 'వాడు చెప్పిందే నిజం, పదహారే. ఎందుకో వాడికి తెలిసే ఉంటుంది, అడగాలి' అనేవారు. అభిమానం అడ్డొచ్చింది. పదహారే ఎందుకయ్యా మరి?"

కాగితం నేల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు. "మొదలుపెట్టిన టైల్ ఒకటి. గీత టైలుకీ టైలుకీ మధ్య సందు దాటినప్పుడల్లా ఇంకోటి. అన్నయ్య సూత్రం అదే వదినా, తప్పేం కాదు. కానీ ఇదిగో, నాలుగు టైల్స్ కలిసే మూలలోంచి పోతే ఒక్కసారే రెండు సందులు దాటేస్తుంది, దొరికేది ఒక్క టైలే. ఈ హాల్లో అలాంటి మూలలు మూడున్నాయి, అందుకే మూడు తగ్గాయి. చదరపు గదిలో అన్నీ మూలలే. అవి వేరే జాతి కాదు, మనవే."

వదిన చివరిదాకా విని, మెల్లగా అడిగింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

"నెలైంది వదినా."

"ఆయన పోయి పది రోజులే" అంది వదిన.