నేను కోసేసిన పదకొండు సెకన్లు

2023, సెప్టెంబరు చివర. బతుకమ్మకు ఇంకా రెండు మూడు వారాల టైముంది. హనుమకొండలో ఒక కాలేజీ రెండో అంతస్తులో మా కమ్యూనిటీ రేడియో. రెండు గదులు, మధ్యలో అద్దం. అద్దానికి అవతల మైకు, ఇవతల కంప్యూటరు ముందు నేను. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ అద్దమే. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి. అద్దానికి ఇవతల కూర్చుంటే ఎవరూ మాట్లాడమనరు.

నా పని ఎడిటింగ్. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి మా దగ్గర ‘వాడ ముచ్చట’ అనే కార్యక్రమం వస్తుంది. ఊరి రాజకీయం, పండుగలు, నల్లా నీళ్ళు, బడి, ఏదైనా సరే. తొర్రూరు నుంచి పత్తి రైతు మాట్లాడతాడు, ఏటూరునాగారం నుంచి బస్సు రావట్లేదని ఒక టీచరమ్మ మాట్లాడుతుంది. ముందురోజు పొద్దున ఫోన్లో రికార్డు చేస్తాం. ప్రశ్నలు అడిగేది మా యాంకర్ రవన్న. ఆ గంటన్నర ముచ్చటను ఇరవై ఎనిమిది నిమిషాలకు కుదించేది నేను.

రేడియోలో ‘డెడ్ ఎయిర్’ అంటారు, అంటే ఏ మాటా పాటా లేకుండా గడిచే సమయం. మాకు అది పెద్ద తప్పు. రెండు సెకన్లు దాటితే వినేటోడు స్టేషన్ మారుస్తడు అని రవన్న మొదటి రోజే చెప్పాడు. అందుకే దగ్గులు, నసుగుళ్ళు, మాట ఆగిన చోట్లు ముందుగా కోసేస్తాను. కోసిన చోట రెండు కొసలనూ ఒకదానిలోకి ఒకటి కలిపేస్తే దాన్ని ‘క్రాస్‌ఫేడ్’ అంటారు. సరిగ్గా చేస్తే అతుకు వినిపించదు. నా అతుకులు వినిపించవు. ఆ గర్వం నాకుండేది.

ఆ వారం విషయం ఒక పవర్‌లూమ్ కాలనీది. అక్కడ నేతపనివాళ్ళ సంఘానికి కొంచెం ఖాళీ జాగా ఉంది. ఏటా ఆడవాళ్ళు బతుకమ్మ ఆడేది అక్కడే. ఇప్పుడు సంఘం పెద్దలు అందులో దుకాణాల గదులు కట్టాలని తీర్మానం చేశారు. బతుకమ్మ వెనక సందులో ఆడుకోవచ్చన్నారు. ఆడవాళ్ళు కూడా ఒప్పుకున్నారని చెప్పారు. నిజంగా ఒప్పుకున్నారా అని తెలుసుకోవడానికి వాళ్ళ తరఫున ఒకరిని మాట్లాడమని అడిగాం. కాలనీ ఆడవాళ్ళంతా కలిసి సరోజన పేరు చెప్పారు. నలభై అయిదేళ్ళ మనిషి, భార్యాభర్తలిద్దరూ మగ్గాల షెడ్డులోనే పని చేస్తారు.

గురువారం పొద్దున ఫోన్ కలిపాం. వెనక మగ్గాల చప్పుడు. బతుకమ్మ గురించి, చిన్నప్పుడు తంగేడు పువ్వు కోసం ఎంత దూరం నడిచేవాళ్ళో సరోజన చక్కగా చెప్పింది. చివర్లో రవన్న అడిగాడు.

“అయితే అక్కా, జాగల గదులు కట్టుడుకు మీ ఆడోళ్ళందరు ఒప్పుకున్నట్టేనా?”

సరోజన ఏమీ అనలేదు. మగ్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. రవన్న అద్దంలోంచి నా వైపు చూసి లైన్ కట్టయిందా అని చేత్తో అడిగాడు. లేదని తల ఊపాను. ఇంకా ఏమీ లేదు. తర్వాత చాలా మెల్లగా, “ఒప్పుకున్నం” అంది.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే డైరీ తీశాను. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. చదివిన పుస్తకాల గురించి, విన్న మనుషుల గురించి ఎవరికీ చూపించని నాలుగు మాటలు రాసుకుంటాను. ఆ రోజు రాసింది ఇది: ‘ఒక ఆమెను ఒక మాట అడిగితే పదకొండు సెకన్లు పలకలేదు. ఆమె బదులు మగ్గాలు మాట్లాడాయి. ఒప్పుకున్నం అన్నది. ఒప్పుకోలేదు.’

రాసి, బాగా వచ్చిందనుకున్నాను కూడా.

మరునాడు ఎడిటింగ్‌లో నిడివి నలభై సెకన్లు ఎక్కువొచ్చింది. టైము నాలుగున్నర. స్క్రీన్ మీద మాటలు గుట్టల్లా, మౌనాలు పొట్టి గడ్డిలా కనిపిస్తాయి. ఆ గడ్డి ఎక్కడ ఎక్కువ దూరం పరుచుకుందో వెతికాను. చిన్నచిన్నవి కోసినా సరిపోలేదు. ఆ పదకొండు సెకన్లు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించాయి. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అది నాకు గుర్తుంది. రవన్నను అడగొచ్చు. అడగాలంటే లేచి వెళ్ళాలి, ఎందుకు ఉంచాలో చెప్పాలి, ఆయన నవ్వితే తట్టుకోవాలి. కోసేశాను. వెనక మగ్గాల చప్పుడు ఉండడం వల్ల అతుకు అసలే తెలియలేదు. ప్రశ్న, వెంటనే “ఒప్పుకున్నం”, ఆ వెంటనే రవన్న “సంతోషం అక్కా”. అలా వెళ్ళింది గాలిలోకి.

సోమవారం కంప్యూటర్లో జాగా కోసం ఎప్పటిలాగే అసలు రికార్డింగులు తుడిచేశాను.

మంగళవారం సరోజన వచ్చింది. రెండు ఆటోలు మారి, రెండంతస్తులు ఎక్కి, తలుపు దగ్గర చెప్పులు విడిచింది. వద్దన్నా వినలేదు. రవన్న అప్పటికే ఏదో పని మీద బయటికి వెళ్ళాడు. తన ముచ్చట మళ్ళా ఒకసారి వినిపించమంది. వినిపించాను. గదవ కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

“నేను గంతసేపు సప్పుడు జెయ్యకుంట ఉన్న గద బిడ్డా. గదంత ఏడికి వోయింది?”

ఎందుకు అడుగుతున్నావక్కా అన్నాను, తెలియనట్టు. అప్పుడు చెప్పింది. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఎదురుగా ఆమె బావ నిలబడ్డాడట. ఆమె భర్తకు అన్న, సంఘానికి కార్యదర్శి, వాళ్ళిద్దరికీ షెడ్డులో పని ఇప్పించినవాడు. స్పీకర్ పెట్టమన్నాడు.

“వద్దని నోటితోని అనలేకపోయిన. ఊకుంటే మావోళ్ళే సమజ్ చేసుకుంటరనుకున్న. నా ఊకునుడు వాళ్ళకెరుకే. ఇప్పుడు నల్లకాడ నన్ను జూస్తే బిందెలు పక్కకు జరుపుకుంటాన్రు. బావకు అమ్ముడువోయినవ్, అడగంగనే ఒప్పుకున్నవ్ అంటాన్రు.”

అప్పుడు నేను చెప్పాల్సింది ఒకే మాట. నేనే కోశాను అని. దాని బదులు, “సాఫ్ట్‌వేర్ దానంతట అదే తీసేస్తదక్కా. ఖాళీ ఉంటే మిషిన్ ఉంచదు” అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు వణకలేదు. అది ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సరోజన కంప్యూటరు వైపు చూసింది, కోపంగా కాదు, తెలిసిన వస్తువును చూసినట్టు.

“మా మగ్గం నయమేనాయె. పేక పోగు తెగితే ఆగుతది. మీదానికి ఆగుడు ఎరుక లేదా?”

అసలు రికార్డు ఉంటే ఇవ్వమంది. అది కూడా పోయిందక్కా అన్నాను. ఎవరు పోగొట్టారో చెప్పలేదు. “నీ తప్పేముంది తియ్యి, మిషిన్‌కేమెరుక” అని నా భుజం తట్టి చెప్పులేసుకుంది. ఆ తట్టడం నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేకపోయాను. పాత పేజీలోని నాలుగు వాక్యాలే మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ పదకొండు సెకన్లు ఇక ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే ఉన్నాయి.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆ కాలనీకి వెళ్ళాను. సంచిలో డైరీ. జాగాలో అప్పటికే గుంతలు తీసి ఇనుప చువ్వలు నిలబెట్టారు. ఆడవాళ్ళు వెనక సందులో ఉన్నారు. పూలతో పేర్చిన బతుకమ్మలన్నీ నడుమ పెట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం కాస్త దూరంగా, గోడ పక్కన. దాని దగ్గర సరోజన.

“అక్కా, మిషిన్ కాదు. నేనే తీసేసిన” అన్నాను. డైరీ తెరిచి చూపించాను. ఆమెకు అంతగా చదువు రాదు, చదివి వినిపించమంది. వినిపించాను. విని, ఆడుతున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది.

“నాకు సదివితే ఏమొస్తది? వాళ్ళకు సదువు” అంది.

ముప్పై నలభై మంది. పాట ఆగింది. నా గొంతు మొదటి వరుస కూడా దాటలేదు. లచ్చవ్వ అనే ముసలామె అందరి కంటే ముందు నిలబడి, జర గట్టిగ చెప్పు బిడ్డా అంది. మళ్ళీ చదివాను. సరోజన వెంటనే ఒప్పుకోలేదని, పదకొండు సెకన్లు ఊరుకుందని, దాన్ని కోసింది నేనని చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకామె వెళ్ళి గోడ పక్కనున్న బతుకమ్మను ఎత్తి తెచ్చి మిగతావాటి నడుమ పెట్టింది. మిగతావి కొంచెం కొంచెం జరిపారు.

లచ్చవ్వ మాత్రం నా చేతిలోని డైరీ వైపే చూస్తోంది.

“గంత మంచిగ సమజైంది నీకు. ఆ దినమే రాసుకుంటివి. మరెందుకు కోసినవ్ బిడ్డా?”

టైము ఎక్కువైందని, సందు చివర ఆ చువ్వలు కనబడుతుంటే, చెప్పలేకపోయాను. పాట మళ్ళీ మొదలైంది. నన్నూ రమ్మన్నారు. వెళ్ళలేదు.

మరునాడు రవన్నకు అంతా చెప్పాను. తర్వాతి శుక్రవారం సవరణ చదివాం. దాంట్లో ఆయన ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాస్తే, కొట్టేసి ‘మా ఎడిటర్ తొలగించడం వల్ల’ అని రాశాను. అప్పటికి ఆ జాగాలో సగం గోడలు లేచాయి. ఆ పదకొండు సెకన్లు వినిపించి ఉంటే కట్టడం ఆగేదా అంటే తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

ఈ పనిలో నేను నేర్చుకున్నది అర్థం చేసుకోవడం కాదు. అది నాకు ముందే వచ్చు, సాక్ష్యం డైరీలోనే ఉంది. అర్థమైనదాన్ని లేచి వెళ్ళి పక్క గదిలో చెప్పడం నేర్చుకోవాల్సి వచ్చింది, ఇంకా నేర్చుకుంటున్నాను. మా దగ్గర ప్రతి కార్యక్రమానికి ఒక ఎడిట్ షీటు ఉంటుంది, ఏ నిమిషంలో ఏం తీసేశామో రాసే కాగితం. చివరి గడిలో ఎవరు తీశారో రాయాలి. ఇదివరకు అది ఖాళీగా వదిలేసేదాన్ని, ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడూ ఎవరూ అడగరు. ప్రతిసారీ నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాస్తున్నాను.