బెల్టు అతుకు

వీధిలో అందరూ ఆమెను టకటకమ్మ అంటారు. కుట్టుమిషను వల్ల వచ్చిన పేరు కాదది, నోటి వల్ల వచ్చింది. చొక్కా బిగుతుగా కుట్టావని ఎవరైనా అంటే, "చొక్కా బాగానే ఉంది, నువ్వే లావయ్యావు" అని మొహం మీదే చెప్పే రకం.

గిటారు ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తమ్ముడు మోజు తీరి మూల పడేసిన గిటారును దుమ్ము దులిపి, తన తొక్కుడు మిషను గుయ్‌మనే శబ్దానికి సరిపోయేలా తీగలు వదులు చేసుకుంది. సూది గుచ్చుకోకుండా పెట్టుకునే వేలి తొడుగు తియ్యకుండానే వాయిస్తుంది. తొడుగుతో చెక్క మీద ఒక దెబ్బ, వెంటనే తీగ మీద ఒక మీటు. మిషను బెల్టు ఎప్పుడో తెగితే తనే అతుకు వేసింది. ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా మిషను ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకునేది. వాయించేటప్పుడు ఆమె చెయ్యీ అలాగే ఆగి అందుకునేది. వినేవాళ్ళకి ఊపిరి అక్కడే ఆగేది.

ఆ ఆగుడు మిషను నుంచే వస్తోందని తమ్ముడు పసిగట్టాడు, బెల్టు అతుకు సంగతి మాత్రం వాడికి తెలియదు. అక్క కుడుతున్నంతసేపూ పక్క గదిలో కూర్చుని ఆ మిషను నడకకి, మళ్ళీ మోజు పుట్టి కొనుక్కున్న కొత్త గిటారు కలుపుకున్నాడు. కచేరీలు మొదలుపెట్టాడు, పేరొచ్చింది. ఒకరోజు ఆమె కాలరు కుడుతుంటే రేడియోలో వాడి గొంతు వినిపించింది.

"ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదండీ. వాన చినుకులు వింటూ నేనే కనిపెట్టాను."

కాలరు వంకర పోయింది. సొమ్మొకడిది, సోకొకడిది! అరికాలి మంట ఆమె నెత్తికెక్కింది. వాడు ఇంట్లో అడుగు పెట్టగానే అందుకుంది.

"ఏ వానరా? ఈ ఇంట్లో మోగింది నా మిషనేగా!"

"మనిద్దరి మధ్య నీదీ నాదీ ఏంటక్కా?"

"అయితే 'మా అక్కది' అనడానికి నోరు పడిపోయిందా?"

"పోనివ్వవే, నీ తమ్ముడేగా" అంది వంటింట్లోంచి తల్లి.

ఆ 'పోనివ్వవే' వింటూనే ఆమె పెరిగింది. చదువు పోనిచ్చింది, పెద్దగది పోనిచ్చింది. ఇది మాత్రం పోనివ్వదు.

అక్క కోపం చల్లార్చడానికి తమ్ముడు ఒక ఉపాయం ఆలోచించాడు. ఆమె బజారుకెళ్ళిన సమయం చూసి, మెకానిక్కుని పిలిచి మిషనుకి కొత్త బెల్టు వేయించాడు. అడగని ఉపకారం! ఆమె వచ్చి తొక్కితే మిషను ఎక్కడా తడబడకుండా పరుగెత్తింది. పాత బెల్టు చెత్తబండిలో పోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, వాణ్ణి నాలుగు వాయించాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే గిటారు వాయించింది. ఆగాల్సిన చోట చెయ్యి దానంతటదే ఆగింది.

వాడి చెయ్యి అలా ఆగలేదు. ప్రతి కచేరీకి ముందూ విని సాధన చేసుకునే మిషనే మారిపోయింది మరి. తర్వాతి కచేరీలో ఒకచోట ముందే ఆగాడు, ఇంకోచోట ఆగడమే మరిచాడు. జనం లేచిపోయారు. మర్నాడు మధ్యాహ్నం గిటారు చంకన పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, వచ్చేవారం పెద్ద కచేరీ. ఆ ఆగుడు ఒక్కసారి చూపించవా?"

"చూపిస్తా. స్టేజీ ఎక్కి, ఇది మా అక్కదని చెప్పు."

"ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కావాలి?"

ఆమె సూదిలోకి దారం ఎక్కించింది. కిటికీ బయట ఎండ మండిపోతోంది.

"అయితే వాన పడేదాకా ఆగు. దాని దగ్గరేగా నేర్చుకున్నావు" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.